పాండీ బజారు పేవుమెంటు

మద్రాసు వెళ్ళివచ్చిన మన వాళ్ళని "ఏమేం చూచారు?" అని అడిగితే మగవాళ్ళు సముద్రం అంటారు, ఆడవాళ్ళు పాండీ బజారు అంటారు. పిల్లలు రెండూ అంటారు. ఆ పట్నం పేరు 1996లో చెన్నై అయింది. అయినా మన తెలుగువారి నోట మద్రాసు మద్రాసుగానే వుండిపోయింది. పాండీ బజారు సంగతి చెప్పనే అక్కరలేదు.

త్యాగరాయనగరం నడిబొడ్డున పానగల్ పార్కు వున్నది. ఆ పార్కు దగ్గర నుంచి తూర్పుగా మౌంటు రోడ్డు వైపు పోయేది త్యాగరాయ రోడ్డు. ఆ రోడ్డులో దుకాణాలు దట్టంగా వున్న భాగమే పాండీ బజారు. డబ్ల్యు.పి.ఏ. సౌందరపాండ్య నాడారు అనే జస్టిస్ పార్టీ నాయకుడి పేరు మీద ఆ బజారుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. అధికారికంగా అది సౌందరపాండ్యనార్ అంగాడి. కాని ఆ పేరు చెప్పి ఆటో ఎక్కేవాళ్ళు ఎందరున్నారో నాకు తెలియదు.

వందేళ్ళ క్రితం ఈ ప్రాంతంలో పెద్ద చెరువు వుండేది. చాలా పొడుగైన చెరువు కాబట్టి ఇంగ్లీషువారు దానిని "లాంగ్ ట్యాంకు" అన్నారు. 1920వ దశకంలో ఆ చెరువు నీళ్ళు తీసివేసి, నేల చదును చేసి, వీధులు గీసి, ఇళ్ళస్థలాలు వేశారు. కొత్త పేటకు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టారు. పార్కుకు అప్పటి మద్రాసు ప్రధానమంత్రి పానగల్ రాజా పేరు పెట్టారు. ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు, మన కాళహస్తి వారు. పక్క రోడ్డు జి. ఎన్. చెట్టి రోడ్డు. ఆ రోడ్డులోనే చిత్తూరు నాగయ్యగారి పూనికతో వెలసిన వాణీమహలు వున్నది. కాస్త అవతల బజుల్లా రోడ్డులో రామారావుగారు వుండేవారు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోకముందు, వేషం కోసం రైలెక్కి వచ్చిన కుర్రవాళ్ళు సాయంత్రమయ్యేసరికి పాండీ బజారులో తేలేవారు. ఎవరైనా నిర్మాత కంటపడకపోతాడా అని ఒక ఆశ. కంటపడకపోయినా, జేబులో వున్న చిల్లరకు పేవుమెంటు మీద ఒక చొక్కా దొరక్కపోతుందా అని రెండో ఆశ. మొదటి ఆశ చాలామందికి తీరలేదు. రెండోది మాత్రం అందరికీ తీరింది.

ఆ పేవుమెంటు గురించే ఈ వ్యాసం.

దుకాణం ముందు దుకాణం

పాండీ బజారు అంటే మన మనసులో మెదిలేది పెద్ద కొట్లు కావు. కొట్ల ముందు నేల మీద పరచిన పట్టాలు, నిలబెట్టిన చెక్కలు, గొడుగుల కింద వేలాడే సంచులు. గాజులు, జడపిన్నులు, చెవిలోలకులు, పిల్లల గౌనులు, చేతిరుమాళ్ళు, ప్లాస్టిక్ డబ్బాలు, టీ వడపోసుకొనే జల్లెడలు. పది రూపాయలు పెట్టి ఏదో ఒకటి కొనకుండా ఆ రోడ్డు దాటి వచ్చిన ఆడపిల్ల వుండేది కాదు. గొంతెమ్మ ధర చెప్పేవాడు ఒకడు, మూడోవంతుకు అడిగే అమ్మగారు ఒకరు. సగానికి కుదిరేది. ఇద్దరూ గెలిచినట్టు అనుకొనేవారు.

ఈ వర్తకం తరాల తరబడి సాగింది. తండ్రి కూర్చున్న చోట కొడుకు కూర్చున్నాడు. అయితే ఆ చోటు ఎవరిది? కాగితం మీద చూస్తే నగరపాలకులది, అంటే నడిచే జనానిది. కాళ్ళ కింద చూస్తే అక్కడ పట్టా పరచినవాడిది. ఈ రెండింటి మధ్యా ఒక లారీ తిరుగుతూ వుండేది. లారీ వస్తే సరకు మూటకట్టుకొని సందులోకి పరుగెత్తాలి. దొరికితే జరిమానా, లేదా పెట్టీ కేసు. మూట లారీలో పడితే తిరిగి వస్తుందో రాదో దేవుడికెరుక. ఇక "మామూలు" అనే మాట తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే అని వేరే చెప్పాలా?

ఇది ఒక్క మద్రాసు కథే కాదు. ఢిల్లీలో జనపథ్ రోడ్డు మీద రెడీమేడ్ బట్టలు అమ్ముకొనే సోదన్ సింగ్ అనే ఆయన సుప్రీం కోర్టుదాకా వెళ్ళాడు. 1989 ఆగస్టులో కోర్టు తీర్పు చెప్పింది. వీధిలో సరకు అమ్ముకొని బతకడం, తగిన నిబంధనలకు లోబడి, రాజ్యాంగం పౌరుడికిచ్చిన వ్యాపార హక్కులో భాగమే అన్నది. వీధులున్నది నడవడానికి మాత్రమే, అందువల్ల అమ్మకం కూడదు అనే వాదన నిలవదన్నది. అయితే అదే తీర్పులో రెండో మాట కూడా వున్నది. ఫలానా చోటే కావాలని పట్టుబట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

అమ్ముకొనే హక్కు వున్నది, అమ్ముకొనే చోటు మాత్రం హక్కు కాదు. ఆ తరువాత మూడున్నర దశాబ్దాలుగా మన దేశంలో వీధివర్తకుల గొడవంతా ఈ రెండు వాక్యాల మధ్యనే నడుస్తున్నది.

మెట్లెక్కిన బజారు

పాండీ బజారులో నడిచేవాళ్ళ ఇబ్బందీ చిన్నది కాదు. దీపావళి ముందు ఆ రోడ్డులో నడవడమంటే తిరుపతి క్యూలో నిలబడ్డట్టే. పేవుమెంటు నిండా సరకు, అందువల్ల మనుషులు రోడ్డు మీదికి, రోడ్డు మీద బస్సులు. కర్ర పట్టుకొని నడిచే ముసలివాళ్ళకూ, చంకన పిల్లను ఎత్తుకొన్న తల్లికీ అది ప్రాణసంకటం. వ్యవహారం కోర్టులకు పోయింది. హైకోర్టు ఉత్తర్వుల నేపథ్యంలో, త్యాగరాయ రోడ్డులోనే వీధివర్తకుల కోసం నగరపాలక సంస్థ కట్టించిన అంతస్తుల కట్టడంలోకి 2013 చివరలో పేవుమెంటు వ్యాపారులను తరలించారు. ఒక్కొక్కరికీ ఒక చిన్న గది చొప్పున కేటాయించారు. పేవుమెంటు ఖాళీ అయింది.

నేనూ మా ఆవిడా మద్రాసు వెళ్ళినప్పుడు ఆ కట్టడం చూడాలని నాకు బుద్ధి పుట్టింది. "గాజులు కొనుక్కుంటావు గదా, రా" అని ఆవిడను మెట్లెక్కించాను.

కింది అంతస్తులో జనం కొంత వున్నారు. పైకి పోయినకొద్దీ మా అడుగుల చప్పుడు మాకే వినబడింది. కొన్ని గదులకు షట్టర్లు దింపి వున్నాయి. కొన్నింటిలో సరకు మూటలు మాత్రం వున్నాయి. ఒక గదిలో తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన ఆడవాళ్ళ చేతిసంచులు వరసగా వేలాడదీసి, బల్ల మీద దినపత్రిక పరచుకొని చదువుతున్నాడు. మమ్మల్ని చూడగానే పత్రిక మడిచి లేచి నిలబడ్డాడు. అంత మర్యాద నాకు బట్టల షోరూములో కూడా జరగలేదు.

ఆయనది తమిళం, నాది వచ్చీరాని తమిళం. అయినా మాటలు కుదిరాయి. పేవుమెంటు మీద ముప్ఫై యేళ్ళు కూర్చున్నాడట. "ఇక్కడ ఎండ లేదు, వాన లేదు, లారీ భయం లేదు. ఫాను కూడా వున్నది సార్. బేరమే లేదు" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. కొడుకు ఈ వ్యాపారంలోకి రాలేదట, సామాను చేరవేసే కంపెనీలో చేరాడట. "వాడు బండి మీద ఇల్లిల్లూ తిరుగుతాడు. నేను జనం కోసం కూర్చుంటే జనం రారు" అని నవ్వాడు.

మా ఆవిడ ఒక సంచి కొన్నది. బేరం ఆడలేదు. నాకు ఆశ్చర్యం వేసింది. మెట్లు దిగుతూ అడిగితే ఆవిడ అన్న మాట ఇది:

"మెట్లెక్కి గాజులెవరు కొంటారండీ? గాజులు కొనాలని ఇంట్లో అనుకొని బయలుదేరితే పెద్ద కొట్టుకే పోతాం. ఇవన్నీ కంటపడితే కొనేవి. కంటపడకుండా దాచిపెట్టి, కొనండి అంటే ఎలా?"

ఈ చిక్కుముడి గురించి నేను చదివిన కాగితాలన్నీ ఒక ఎత్తు, ఆవిడ మాట ఒక ఎత్తు అనిపించింది.

ఆలోచించి చూడండి. ఇదే మద్రాసులో కూరగాయల టోకు బజారు కొత్వాల్ చావడిలో వుండేది. అక్కడ కాలు పెట్టే సందు లేదని 1996లో దానిని కోయంబేడుకు మార్చారు. ఆ బజారు అక్కడ బాగా పాతుకుపోయింది. ఎందుకంటే టోకు సరకు కొనేవాడు సరకును వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతాడు. సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. పాత పుస్తకాలవాళ్ళకూ ఇతరులకూ దాని వెనుక అల్లికుళం కట్టడంలో చోటిచ్చారు. పాత పుస్తకాల పిచ్చివాళ్ళు కొందరు అక్కడికీ వెతుక్కుంటూ వెళ్ళారు. రైలు దిగి ఊరికే అలా తిరుగుతూ పుస్తకం కొనే వేలాదిమంది మాత్రం వెళ్ళలేదు. వాళ్ళ దారిలో అది లేదు.

వీధివర్తకుడి పెట్టుబడి రెండు భాగాలు. ఒకటి మూటలో వున్న సరకు. రెండోది, దానికన్నా పెద్దది, ఎదురుగా నడిచే జనం. మూటతో సహా మనిషిని మరోచోటికి మార్చవచ్చు. జనాన్ని మార్చలేము.

కొద్ది నెలల తేడా

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. పాండీ బజారు పేవుమెంటు ఖాళీ అయిన కొద్ది నెలలకే ఈ సంగతులన్నిటికీ ఒక చట్టం వచ్చింది. వీధివర్తకుల జీవనోపాధి రక్షణ, వీధివర్తకం క్రమబద్ధీకరణ చట్టం అని దాని పేరు. లోకసభ 2013 సెప్టెంబరులోనూ, రాజ్యసభ 2014 ఫిబ్రవరిలోనూ ఆమోదించాయి. 2014 మే 1న అమలులోకి వచ్చింది.

చట్టాలు చదవడం విసుగే. అయినా దీనిలో కొన్ని ముక్కలు మన ఇళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ కూడా తెలుసుకోవలసినవి.

ప్రతి ఊళ్ళోనూ అయిదేళ్ళకొకసారి వీధివర్తకులను లెక్కించాలి. లెక్కలో తేలినవారికి, వార్డు జనాభాలో రెండున్నర శాతం మించకుండా, చోటు చూపించి, సర్టిఫికెట్టు ఇవ్వాలి. లెక్క పూర్తయ్యేదాకా ఎవరినీ లేవగొట్టరాదు. ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ వేళలు పెట్టి అమ్మనివ్వాలి, ఎక్కడ అసలు కూడదు అనేది విభజించాలి. ఈ పనులలో పాలుపంచుకోవడానికి ఒక కమిటీ వుండాలి. ఆ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధివర్తకులే, తమలో తాము ఎన్నుకొన్నవారు, వుండాలి. వారిలో మూడోవంతు ఆడవాళ్ళు.

ఎవరినైనా కదిలించవలసి వస్తే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరకు పట్టుకొంటే జాబితా రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. వర్తకుడు వచ్చి అడిగి, రుసుము కడితే, మామూలు సరకయితే రెండు పనిదినాలలోనూ, పూలూ పండ్లూ వంటి పాడయ్యే సరకయితే ఆ రోజే తిరిగి ఇచ్చివేయాలి.

వర్తకుడికీ బాధ్యతలు పెట్టారు. చోటును అద్దెకివ్వరాదు. తనో, తన కుటుంబంలోని వారో కూర్చోవాలి. వేరే జీవనాధారం లేదని రాసివ్వాలి. చుట్టుపక్కల శుభ్రంగా వుంచాలి.

ఇక అసలు ముక్క. కొన్నవారూ అమ్మినవారూ తరతరాలుగా తమంతట తాము కూడిన చోటును ఆ చట్టం "సహజమైన బజారు" అన్నది. అటువంటి బజారులో యాభై యేళ్ళకు పైగా వర్తకం జరిగి వుంటే దానిని వారసత్వ బజారుగా గుర్తించాలి, అక్కడివారిని వేరే చోటికి మార్చరాదు అన్నది. మా ఆవిడ మెట్ల మీద అన్న మాటనే ఢిల్లీలో కూర్చున్నవారు చట్టంలో రాశారన్నమాట.

ఆ మాట వచ్చేసరికి పాండీ బజారు మెట్లెక్కేసింది. ఈ చట్టం ముందే వచ్చి వుంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? కనీసం ఆ పేవుమెంటు ఎన్నేళ్ళ బజారో లెక్క చూడవలసి వచ్చేది. కమిటీలో కూర్చొని ఆ తెల్లగడ్డం పెద్దాయనో, ఆయన తోటివాడో "మమ్మల్ని పైకి పంపకండి, రోడ్డు మీదనే గీత గీసి వరుసగా కూర్చోబెట్టండి" అని అడగడానికి వీలుండేది.

వెడల్పయిన బాట

2019 నవంబరులో పాండీ బజారుకు కొత్త వేషం వచ్చింది. రోడ్డును కుదించి, రెండువైపులా పేవుమెంటును బాగా వెడల్పు చేసి, రాళ్ళు పరచి, బెంచీలు వేసి, దీపాలు పెట్టారు. నడిచేవారి కోసం కట్టిన వీధి అన్నారు. నిజం చెప్పాలంటే చాలా బాగున్నది. సాయంత్రం పూట ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చొని కబుర్లు చెప్పుకొంటున్నారు. చక్రాల కుర్చీలో వచ్చిన ఒకావిడ ఎవరి సాయమూ లేకుండా కొట్లు చూస్తున్నది. పిల్లలు పరుగులు తీస్తున్నారు. మన ఊళ్ళలో ఇలాంటి పేవుమెంటు ఒక్కటైనా వుంటే ఎంత బాగుండును అనిపించింది.

ఆ వెడల్పు పేవుమెంటు మీద పట్టాలు పరచినవారు అక్కడక్కడా కనబడుతూనే వున్నారు. జనం వున్నచోటికి అమ్మేవాళ్ళు రాకుండా ఎలా వుంటారు?

ఒక మలుపు దగ్గర పూలబుట్ట పెట్టుకొన్న ముసలమ్మ మా ఆవిడ చీరకట్టు చూచి "రామ్మా, నెల్లూరు మల్లెలు కాకపోయినా నెల్లూరు మనిషిని" అని తెలుగులో పిలిచింది. ఇక ఆవిడ కదులుతుందా? పక్కనే కూర్చుండిపోయింది. ముసలమ్మ పెళ్ళయిన కొత్తలో పెనిమిటితో మద్రాసు వచ్చిందట. ఆయన పోయాడు. తెల్లవారుజామునే కోయంబేడు పోయి పూలు కొనుక్కొచ్చి, పగలంతా ఇంట్లో కట్టి, పొద్దు వాలేసరికి ఇక్కడికి వస్తుందట. మూర లెక్కన అమ్మకం. మూర అంటే ఆమె మోచేయి. కొసరు వేయనిదే మా ఆవిడ ఊరుకోలేదు.

మూడో మూర కొలుస్తూ వుండగా దూరాన ఒక ఈల వినబడింది. ముసలమ్మ తలెత్తలేదు. చేతులు మాత్రం మారాయి. బుట్ట మీద తడిగుడ్డ పడింది, బుట్ట నెత్తి మీదికి పోయింది. పక్కన దువ్వెనలు అమ్మే కుర్రవాడు పట్టా నాలుగు కొసలూ కలిపి ఒక్క గుంజు గుంజితే కొట్టంతా మూటయిపోయింది. చూస్తూ వుండగానే ఆ మలుపంతా ఖాళీ. లారీ మెల్లగా వచ్చింది, ఆగింది, పోయింది. లారీ వెనుక నడుస్తున్న యువకుడిని పలకరించాను. "మాకేం సరదా సార్? కొట్లవాళ్ళు కంప్లయింటు ఇస్తారు, నడిచేవాళ్ళు కంప్లయింటు ఇస్తారు. లేపకపోతే మమ్మల్ని లేపుతారు. మేము పోగానే మళ్ళీ వస్తారని మాకు మాత్రం తెలియదా?" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు.

పావుగంటకు ముసలమ్మ తిరిగివచ్చి, ఆ మూడో మూర ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే కొలిచి ఇచ్చింది.

"నీకు కార్డు లేదా అవ్వా?" అని అడిగాను. నడుముకు దోపుకొన్న సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక కార్డు తీసి చూపించింది. ఫొటో వున్నది, పేరు వున్నది. "లెక్క రాసుకొని ఇచ్చారయ్యా. మనిషిననే కార్డు వుంది. చోటే లేదు" అన్నది.

"సరకు పట్టుకుపోతే ఆ రోజే ఇవ్వాలని చట్టం వున్నది" అని నాకు తెలిసిన విద్య ప్రదర్శించాను.

"ఆ రోజే ఇస్తారు సరే. రాత్రి పదింటికి ఇస్తే మల్లెపూలు ఎవరి తలలో పెట్టను?" అన్నది ముసలమ్మ.

2020లో కేంద్రప్రభుత్వం వీధివర్తకులకు పూచీకత్తు లేకుండా 10,000 రూపాయల అప్పు ఇచ్చే పథకం పెట్టింది. ఆ మొదటి విడతను 2025లో 15,000 చేశారు. సకాలంలో తీరిస్తే పై విడతలూ వున్నాయి. రోజువడ్డీ వాడి చేతిలో నలిగేవారికి అది పెద్ద ఆసరా. కాని బ్యాంకువాడిచ్చిన డబ్బుతో కొన్న పూలు లారీలో వాడిపోతే ఆ అప్పు ఎలా తీరుతుంది? ఒక చేత్తో పెట్టుబడి ఇచ్చి రెండో చేత్తో చోటు లాక్కుంటే లెక్క ఎక్కడ కుదురుతుంది?

రంగనాథన్ వీధి లెక్క

పాండీ బజారు నుంచి పానగల్ పార్కు దాటి, ఉస్మాన్ రోడ్డు మీదుగా పోతే రంగనాథన్ వీధి వస్తుంది. మాంబలం రైల్వే స్టేషనుకు దారి అదే. ఆ వీధిలో మనం నడవనక్కరలేదు. జనమే మనల్ని నడిపిస్తారు. రెండువైపులా ఆకాశానికి పోయిన బట్టలకొట్లు, పాత్రల కొట్లు. 2008 సెప్టెంబరులో అక్కడి పెద్ద దుకాణం ఒకదానిలో మంటలు లేచి ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. ఇరుకు దారిలో అగ్నిమాపక బండి కదలడం ఎంత కష్టమో చూచినవారికే తెలుస్తుంది. కాబట్టి దారి ఖాళీగా వుండాలనడం అధికారుల చాదస్తం కాదు. అది ప్రాణాలకు సంబంధించిన మాట.

కాని దారిని ఇరుకు చేసినవాళ్ళు దువ్వెనలు అమ్మేవాళ్ళు మాత్రమేనా? అనుమతికి మించి అంతస్తులు లేపి, బండ్లు నిలపడానికి చోటు వదలకుండా కట్టిన పెద్ద భవనాలకు 2011 అక్టోబరు చివర అధికారులు సీళ్ళు వేశారు. 2012 జనవరిలో సుప్రీం కోర్టు తాత్కాలికంగా వాటిని తెరవనిచ్చింది. పెద్ద కొట్టువాడికి సీలు పడితే వకీలు వుంటాడు, వాయిదా వుంటుంది, పైకోర్టు వుంటుంది. పట్టా పరచినవాడికి ఈల వినబడిన తరువాత నాలుగు కొసలు కలిపేటంత వ్యవధి వుంటుంది. ఇద్దరూ నిబంధన తప్పినవారే అనుకొన్నా, నిబంధన వాళ్ళని చేరుకొనే వేగం మాత్రం ఒకటి కాదు.

2023 మే నెలలో మాంబలం స్టేషను నుంచి టి. నగరు బస్సుస్టాండు దాకా, 570 మీటర్ల పొడుగున ఆకాశవంతెన తెరిచారు. రైలు దిగినవారు ఈ రద్దీతో పనిలేకుండా పైనుంచే పోవచ్చు. మేమూ నడిచాము. హాయిగా వున్నది. మోకాళ్ళ నొప్పుల మా ఆవిడ దానికి నూటికి నూరు మార్కులు వేసింది. నడిచే జనంలో కొంత మందం పైకెక్కితే కింద దారి ఆ మేరకు వదులవుతుంది. అమ్మేవాళ్ళని కదిలించకుండానే నడిచేవాళ్ళకు దారి ఇవ్వవచ్చునని ఈ వంతెన ఒక ఉపాయం చూపింది.

కొలబద్ద ఏది?

రోడ్డు నడవడానికి, పేవుమెంటు నడవడానికి, అందులో సందేహం లేదు. కాని పాండీ బజారులో ఇప్పుడు చేసిన వెడల్పు పేవుమెంటు మీద నడక కొంత, బెంచీలు కొంత, చెట్లు కొంత చోటు తీసుకొన్నాయి. ఒక బెంచీ పట్టే చోటులో ఒక పూలబుట్ట పడుతుంది. నడిచేవారికి ఇన్ని అడుగులు వదలాలి అని గీత గీసి, ఆ గీతకు అవతల కార్డు వున్నవారిని అంకెలు వేసి కూర్చోబెడితే, లారీకి పని తగ్గుతుంది, ముసలమ్మకు పరుగు తప్పుతుంది, చక్రాల కుర్చీకీ దారి వుంటుంది. గీత దాటినవారికి జరిమానా వేస్తే ఎవరూ కాదనరు. మన ఊళ్ళలో సంతరోజు ఆశీలు వసూలు చేసేవాడికి కూడా ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలుసు. అది తెలియనంత పెద్ద విద్య కాదు.

తరలించవలసి వచ్చినప్పుడు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కొత్త చోట గది వున్నదా, ఫాను వున్నదా, షట్టరు వున్నదా అన్న ప్రశ్న రెండోది. సాయంత్రం ఆరింటికి ఆ గది ముందునుంచి ఎంతమంది నడుస్తారు అన్నది మొదటిది. ఈ లెక్క వేయడానికి ఇంజనీరు అక్కరలేదు. ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టి లెక్కపెట్టమంటే చాలు.

విజయవాడ బీసెంటు రోడ్డులో, హైదరాబాదు కోఠీలో, మీ ఊరి గాంధీబొమ్మ దగ్గర కూడా ఇదే చిక్కు. చట్టం దేశమంతటికీ ఒకటే. ఆ కమిటీ మీ ఊళ్ళో వున్నదా, అందులో వీధివర్తకులు నిజంగా కూర్చుంటున్నారా అని మునిసిపాలిటీలో ఒకసారి అడిగి చూడండి. అడిగేవాళ్ళు ఎక్కువైతే జవాబు చెప్పేవాళ్ళూ పుడతారు.

మీరు మద్రాసు వెళితే సాయంత్రం అయిదు దాటాక పాండీ బజారుకు వెళ్ళండి. ఎండ తగ్గి వుంటుంది. పానగల్ పార్కు దగ్గర దిగి తూర్పుగా నడవండి. పూలు కొనదలిస్తే చిల్లర దగ్గర పెట్టుకోండి. వీలైతే ఆ అంతస్తుల కట్టడం కూడా చూచి రండి. పై అంతస్తులలో చేతిసంచులు చవక. అక్కడ బేరం మరీ గట్టిగా ఆడకండి.